బస్సు తాత ఆగుతాడు

ఫిబ్రవరి 3, సోమవారం

ఈరోజు ఉదయం పదకొండుంపావుకి ఒక లారీ నాలోంచి దూసుకుపోయింది. నేను క్షేమం. లారీ కూడా క్షేమమే. లేనివాటికి దెబ్బలు తగలవు.

భావితరాల సౌకర్యార్థం నా వృత్తిని ఇక్కడ నమోదు చేస్తున్నాను. స్కూలు పిల్లలకి రోడ్డు దాటడం నేర్పే కళ్ళజోడుకి ప్రోగ్రాం రాస్తాను. అది పెట్టుకుని ఆటస్థలంలో నిలబడితే, సున్నంతో గీసిన రెండు గీతల మధ్య రోడ్డు మొలుస్తుంది. దాని మీద బళ్ళు పరిగెడతాయి. స్కూలు గోడ నిజం, మట్టి నిజం, డ్రిల్లు మాస్టారి ఈల మరీ నిజం. బళ్ళు మాత్రం నావి. పెద్దమనుషులు దీన్ని ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు. అమ్మ "గాలి బళ్ళు" అంటుంది. అమ్మ మాటే కంపెనీ పేరుగా పెట్టమని సలహా ఇస్తే బాస్ నవ్వలేదు. ఆయన నవ్వు కూడా ఆగ్మెంటెడే, మామూలు కంటికి కనిపించదు.

ఆఫీసు టైర్ల షాపు మీద ఒక గది. నా తప్పులు పట్టడానికి జీతం తీసుకునే టెస్టరక్క నా పక్క కుర్చీ. ఆవిడ ఆ పనిని జీతం లేకపోయినా చేస్తుందని నా అనుమానం.

ఫిబ్రవరి 9, ఆదివారం

నాన్నని నలభై ఫొటోలు తీశాను. ముందు, వెనక, పక్క, పైనుంచి. నా గాలి బస్సుకి డ్రైవరు లేడు, కుర్చీ ఖాళీగా పరిగెడుతోంది. చూస్తే దెయ్యం సినిమాలా ఉంది. ఇరవయ్యారేళ్ళు సిటీ బస్సు నడిపి ఒక్కరికి గీత కూడా పడనివ్వని మనిషి ఇంట్లో ఉండగా, ఇంకెవరినో వెతుక్కోవడం దేనికి?

యూనిఫాం వేసుకుని, జేబు మీద డిపోవాళ్ళిచ్చిన ఇత్తడి బిళ్ళ తగిలించుకుని, మీసం దువ్వుకుని కూర్చున్నాడు.

"ఒరేయ్, పెళ్ళిచూపులప్పుడు కూడా నన్నిన్ని వైపుల్నించి చూళ్ళేదురా ఎవరూ."

వంటగదిలోంచి అమ్మ: "చూసుంటే బాగుండేది."

"విన్నావా? ముప్ఫై ఏళ్ళయినా బ్రేకులు బానే పనిచేస్తున్నాయి మీ అమ్మకి." మళ్ళీ నా వైపు తిరిగి, "ఇంతకీ ఎందుకురా ఇవన్నీ?"

"రెండువేల మంది పిల్లలు నిన్ను చూస్తారు నాన్నా."

నాన్న బిళ్ళని చొక్కాచేత్తో ఇంకోసారి తుడుచుకున్నాడు.

ఫిబ్రవరి 13, గురువారం

పరాభవం. రేపు అధికారుల ముందు ప్రదర్శన, ఇవాళ రిహార్సల్. ఐదుగురు పిల్లలు సున్నంగీత దగ్గర ఏడు నిమిషాలు నిలబడ్డారు. బళ్ళు ఆగవు, సందు దొరకదు, పిల్లలు కదలరు. ఎందుకంటే నేను స్కూలు ముందున్న రోడ్డు మీది రద్దీని లెక్కపెట్టి, ఉన్నదున్నట్టు దింపాను. నిజాయితీ కొంప ముంచుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

డ్రిల్లు మాస్టారు గడియారం చూసుకుని, "బాబూ, మీ బళ్ళు ఇంటికెళ్ళేదెప్పుడు? మా పిల్లలు ఇంటికెళ్ళే టైమైంది," అన్నాడు.

టెస్టరక్క: "నిలబడ్డారుగా. అదే పాఠం. సందు లేకపోతే నిలబడాలి."

బాస్: "నిలబడ్డ పిల్లల్ని చూడ్డానికి అధికారులు ఇంత దూరం రానక్కర్లేదమ్మా. రోజూ పొద్దున్న అసెంబ్లీలో చూస్తారు. రేపు పిల్లలు దాటాలి. ఫొటో పడాలి."

ఒక్క వాక్యం రాశాను. బిడ్డ చెయ్యెత్తితే బళ్ళన్నీ ఆగుతాయి. అంతే. పక్కనే, ప్రోగ్రాంలో మనకోసం మనం రాసుకునే గమనికగా, ఇది పెట్టాను: "మహారాజు చెయ్యెత్తగా సమస్త సేన ఆగినది. ప్రదర్శన కాగానే ఈ వాక్యమును తొలగించవలెను. ఇట్లు, ఆస్థాన విదూషకుడు."

బాగా కుదిరింది. రెండుసార్లు చదువుకుని నవ్వుకున్నాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

దిగ్విజయం! పిల్ల చెయ్యెత్తింది. లారీ ఆగింది, కారు ఆగింది, బస్సు ఆగింది. బస్సులోంచి నాన్న మీసం కింద నవ్వి తలూపాడు (ఆ తలూపడం పొద్దున్నే కలిపాను, ప్రతిభ ఊరికే ఉండనివ్వదు). అధికారులు చప్పట్లు. పిల్లలు కళ్ళజోళ్ళు తియ్యమంటే తియ్యరు. "మళ్ళీ! బస్సు తాత మళ్ళీ!" అని ఒకటే గోల.

ఇంటికెళ్ళి చెప్పాను.

"తాతా?" అన్నాడు నాన్న. "నాకింకా రిటైర్మెంటు మూడేళ్ళుంది. మామయ్య అనమను."

కానీ భోంచేస్తూ రెండుసార్లు అడిగాడు, పిల్లలు ఇంకేమన్నారని.

ఫిబ్రవరి 18, మంగళవారం

టెస్టరక్క: "ఆ చెయ్యి వ్యవహారం తీసేశావా?"

"రేపు తీసేస్తానక్కా."

"నీ రేపుకి తెల్లారేదెప్పుడురా?"

ఫిబ్రవరి 21, శుక్రవారం

పదకొండు స్కూళ్ళు, రెండువేల మూడువందల మంది పిల్లలు. సోమవారం నుంచి.

ఆ వాక్యం తియ్యలేదు. దీనికి బలమైన సాంకేతిక కారణం ఉంది. అది లేకపోతే ఒక్కో బిడ్డ దాటడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఒక పీరియడ్‌లో పదిమందికే వంతు వస్తుంది. మిగతావాళ్ళు ఏడుస్తారు. ఉంటే క్లాసంతా దాటేస్తుంది. ఇది విద్యాహక్కుకి సంబంధించిన విషయం.

ఇంకో కారణం, దాన్నిక్కడ రాసుకోవచ్చు, ఎవరూ చదవరు కాబట్టి. బస్సు ఆగినప్పుడు పిల్లలు నవ్వుతారు. నేను చేసిన ఏ పనికీ ఇంతమంది ఒక్కసారి నవ్వలేదు.

టెస్టరక్క వాళ్ళమ్మ ఆపరేషనుకి సెలవు మీద వెళ్తూ మూడోసారి అడిగింది. తీసేశానని చెప్పాను. అబద్ధం కాదు. కాస్త ముందుగా చెప్పిన నిజం.

మార్చి 18, మంగళవారం

నాన్న బస్సు కింద ఒక పాప పడింది.

మార్చి 19, బుధవారం

పాప బతికే ఉంది. ఎనిమిదేళ్ళు. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

నిన్న సాయంత్రం బడి వదిలాక, పుస్తకాల షాపు దగ్గర. నాన్న రాత్రంతా పోలీసు స్టేషన్‌లో ఉన్నాడు, పొద్దున్న తీసుకొచ్చాను. యూనిఫాం విప్పలేదు. అమ్మ టీ ఇస్తే పట్టుకుని అలాగే ఉన్నాడు. దాని మీద మీగడ కట్టింది.

"చెయ్యెత్తిందిరా," అన్నాడు.

"ఎవరు నాన్నా?"

"ఆ పాప. ఫుట్‌పాత్ మీద నిలబడింది. నావంక చూసింది. నవ్వింది, తెలిసినవాణ్ణి చూసినట్టు. చెయ్యెత్తి దిగి నడిచేసింది. పరిగెత్తలేదు. నడిచింది. నేను ఆగుతానని రాసిచ్చినట్టు నడిచిందిరా. నేను బ్రేకు తొక్కాను. తొక్కాను గానీ..."

అమ్మ గ్లాసు తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

మార్చి 20, గురువారం

ఇవాళ రాయడానికేమీ లేదు.

మార్చి 21, శుక్రవారం

ఈ ఊళ్ళో నూటయాభై స్కూళ్ళుంటాయి. మాది పదకొండే. లెక్కప్రకారం చూసుకున్నా మనకి సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువ. పాపది ఏ స్కూలో నేను అడగలేదు. మా జాబితా ఆఫీసు గోడకే అంటించి ఉంది, నా కుర్చీకి ఎదురుగా. తలెత్తి చూడాల్సిన అవసరం నాకేముంది? కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాను, మెడ నొప్పిగా ఉంటే.

మార్చి 22, శనివారం

పాప స్కూలు పేరు పేపర్లో వేశారు. తలెత్తి మా జాబితా చూశాను. ఏడోది.

మార్చి 24, సోమవారం

ఆ వాక్యం తీసేశాను. కొత్త ప్రోగ్రాం స్కూళ్ళన్నిటికీ పంపాను. ఏం మారిందో రాయమని ఒక గడి ఉంటుంది. "చిన్న చిన్న మెరుగులు" అని రాశాను.

బాస్ అడిగాడు, "ఏంటి గురూ మెరుగులు?"

"బళ్ళు ఇంకాస్త సహజంగా నడుస్తాయండి."

"గుడ్."

ఇంక ఎవరికీ ఏమీ కాదు. సమస్య ఎక్కడుందో అక్కడే సరిచేశాను. ఇంజనీరు చెయ్యాల్సింది అదే. జరిగినదాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు, నేను నోరు తెరిచినా పాప కాలు రాదు. ఈ వాక్యాన్ని ఇవాళ చాలాసార్లు అనుకున్నాను. ప్రతిసారీ సరిగ్గానే ఉంది.

కళ్ళజోళ్ళలోంచి తీశాను. చేతుల్లోంచి ఎలా తియ్యాలో...

మార్చి 27, గురువారం

నాన్నని సస్పెండ్ చేశారు. డిపోలో మొదటి విచారణ. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను, తలుపు సగం తెరిచే ఉంది.

"చెయ్యెత్తిందంటావు. ఇంకెవరైనా చూశారా?"

"నేను చూశానండి."

"కండక్టరు?"

"వెనక టిక్కెట్లు కొడుతున్నాడండి."

"కెమెరా?"

"పాడయి ఏడాదైందండి. మూడుసార్లు రాసిచ్చాను."

"చూడు పెద్దాయనా, ఎనిమిదేళ్ళ పిల్ల బస్సుకెదురుగా చెయ్యెత్తి నడవడమేంటి? ట్రాఫిక్ పోలీసా? నమ్మే మాటేనా?"

నాన్న "నాక్కూడా నమ్మబుద్ధి కావట్లేదండి. కానీ చూశాను," అన్నాడు.

వస్తూ దారిలో నన్నడిగాడు. "నువ్వు పిల్లలకి నేర్పేవాడివి కదరా. ఎవరైనా అలా చేస్తారా?"

షూ లేసు ఊడిందని కిందకి వంగాను. ఊడలేదు.

మార్చి 30, ఆదివారం

మా ఇంట్లో కూడా ఇప్పుడు గాలి బస్సు నడుస్తోంది.

నాన్న ముందుగదిలో కుర్చీ వేసుకున్నాడు. చేతిలో పళ్ళెం, స్టీరింగులా. కుడికాలు కింద అమ్మ చెప్పు, బ్రేకు. అమ్మ తలుపు దగ్గర.

"చెయ్యెత్తి నడువు."

అమ్మ నడిచింది. నాన్న తొక్కాడు.

"మళ్ళీ. ఇంకొంచెం మెల్లిగా. నావంక చూస్తూ."

మళ్ళీ నడిచింది.

"నవ్వు."

"నవ్వు రావట్లేదయ్యా," అంది అమ్మ.

"నవ్వాలి. ఆ పాప నవ్వింది. నవ్వింది చూసి నేను ఒక్క క్షణం... ఎవరబ్బా ఈ పాప, మనకి తెలుసా అని చూశానేమో. ఆ ఒక్క క్షణమేమో. నవ్వు."

అమ్మ నవ్వింది. పదకొండుసార్లు నడిచింది. నేను లెక్కపెట్టాను. ఇరవయ్యారేళ్ళ డ్రైవరు పదకొండుసార్లు అమ్మ చెప్పుని తొక్కాడు. ఒక్కసారి కూడా సకాలంలో ఆగలేదట.

నాకో జోకు తట్టింది ఆ సమయంలో. నిజంగానే తట్టింది. అదీ నా బతుకు. ఇక్కడ రాయను.

ఏప్రిల్ 2, బుధవారం

ఆస్పత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలీదు. కాదు, తెలుసు. పాప ఏమీ గుర్తులేదని చెబుతుందేమోనని వెళ్ళాను.

పిల్లల వార్డు, కిటికీ పక్క మంచం. వాళ్ళమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. స్కూలు నుంచి వచ్చానన్నాను. పాప నన్ను గుర్తుపట్టింది. వాళ్ళ స్కూల్లో మొదటిరోజు కళ్ళజోళ్ళు పెట్టింది నేనే.

"అమ్మా, కళ్ళజోడన్న!"

దుప్పటి ఒకవైపు ఉండాల్సినంత ఎత్తుగా లేదు. అటు చూడకుండా మొహంలోకి చూశాను. మొహమే కష్టమైంది.

"అన్నా, ఏ చెయ్యెత్తాలి? కుడిదా, ఎడందా?"

"ఎందుకమ్మా?"

"నేను ఎడం చెయ్యెత్తాను. కుడిచేతిలో డబ్బా ఉంది. అందుకే ఆగలేదా బస్సు తాత?"

వాళ్ళమ్మ అంది, "రెండు వారాల నుంచీ ఇదే బాబూ. బస్సు తాత, బస్సు తాత. మందుల మత్తులో ఏదో అంటోందంటున్నారు డాక్టర్లు. తప్పు తనదేనంటుంది. నా బిడ్డని చంపబోయినవాడు వాడు, తప్పు తనదంటుంది, చూడు!"

పాప ఇంకా నా జవాబు కోసం చూస్తోంది. "ఆ తాతే అన్నా. అదే మీసం. స్కూల్లో ఎప్పుడూ ఆగుతాడు కదా. తలూపుతాడు కదా. ఈసారి తలూపలేదు. నేను ఆయన తలూపేదాకా ఉండాల్సింది, కదా?"

"నువ్వు అన్నీ సరిగ్గానే చేశావమ్మా," అన్నాను.

వెంటనే మెట్లు దిగి వచ్చేశాను. గేటు దగ్గర రోడ్డు దాటడానికి చాలాసేపు నిలబడ్డాను. సందు దొరికినా దాటలేకపోయాను.

ఏప్రిల్ 3, గురువారం

మధ్యాహ్నం ఇంటికెళ్ళేసరికి నాన్న కాగితం ముందు కూర్చున్నాడు. యూనియన్ ఆయన వచ్చి వెళ్ళాడట. ఆదమరిచానని ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని, చెయ్యెత్తింది అంటూ కూర్చుంటే మతి చెడిందనుకుంటారని చెప్పాడట. రేపే విచారణ.

"స్పెల్లింగు చూడరా," అని కాగితం నావైపు తోశాడు. "నేను ఆ సమయమున ఏమరుపాటుగా ఉంటిని" అని ఉంది. నాన్న అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. ఇవి వంకరగా ఉన్నాయి.

"నువ్వు చూశానన్నావు కదా నాన్నా."

"చూశాననే అనుకున్నాను. పదిహేను రోజులుగా చూస్తూనే ఉన్నాను. కళ్ళు మూసినా అదే. కానీ ఎవరూ చూడనిది నేనొక్కణ్ణే చూశానంటే... వయసైపోయిందేమోరా. లేనిది కనిపించిందేమో." కళ్ళు నలుపుకుని, "కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా ఒకసారి?" అన్నాడు.

ఇత్తడి బిళ్ళ చొక్కాకి లేదు. టేబులు సొరుగులో, పాత తాళంచెవుల మధ్య కనబడింది.

చెప్పాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. ఐదుగురు పిల్లలు, ఏడు నిమిషాలు, ఒక్క వాక్యం, అధికారులు, తలూపడం, పీరియడ్‌కి పదిమంది, టెస్టరక్కకి చెప్పిన అబద్ధం. అబద్ధమనే అన్నాను. జాబితాలో ఏడోది. నిన్న ఆస్పత్రి, ఏ చెయ్యి అని అడిగిన పాప.

అమ్మ తలుపు దగ్గర నిలబడి వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాన్న కోప్పడితే బాగుండేది. కొడితే ఇంకా బాగుండేది.

"చెయ్యెత్తింది," అన్నాడు.

"ఎత్తింది నాన్నా."

"ఎంతమంది?"

"రెండువేల మూడొందలు."

"అందరికీ నా మొహమేనా?"

"నీ మొహమే."

కాగితాన్ని తీసుకుని మెల్లిగా నాలుగు ముక్కలు చేశాడు. ముక్కల్ని జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి టేబులు మీద పెట్టాడు. వాటిని ఏం చెయ్యాలో తెలియలేదు ఆయనకి.

అమ్మవైపు చూసి, "నిన్ను అన్నిసార్లు నడిపించాను," అన్నాడు.

ఏప్రిల్ 4, శుక్రవారం

డిపోలో పెద్ద గది, పొడవాటి బల్ల, ముగ్గురు అధికారులు. పాప వాళ్ళమ్మ ఒక పక్క. నాన్న నిలబడి ఉన్నాడు. నేను ప్రోగ్రాం పాత ప్రతిని అచ్చుతీసి తీసుకెళ్ళాను. ఆ పేజీకి ఎర్ర గీత గీశాను.

మధ్యలో కూర్చున్నాయన కళ్ళద్దాలు సవరించుకుని పైకి చదివాడు. ఆయన గొంతులో ఏ భావమూ లేదు. లెక్కల పుస్తకం చదువుతున్నట్టు చదివాడు.

"మహారాజు చెయ్యెత్తగా సమస్త సేన ఆగినది. ప్రదర్శన కాగానే ఈ వాక్యమును తొలగించవలెను. ఇట్లు, ఆస్థాన విదూషకుడు."

తలెత్తాడు.

"ఈ ఆస్థాన విదూషకుడు ఎవరు?"

"నేనేనండి."

"తొలగించవలెను అని నువ్వే రాశావు."

"అవునండి."

"తొలగించలేదు."

"లేదండి."

"ఎందుకు?"

పిల్లలు నవ్వారండి, అందుకు. ఇది పైకే అన్నాను. పక్కాయన రాసుకుంటున్న కలం ఆగింది. పాప వాళ్ళమ్మ లేచి నిలబడింది. నావైపు వస్తుందనుకున్నాను. రాలేదు. కొంగు సర్దుకుని మళ్ళీ కూర్చుంది.

ఏప్రిల్ 8, మంగళవారం

కళ్ళజోళ్ళన్నీ వెనక్కి రప్పిస్తున్నారు. బాస్ ఆ వాక్యం సంగతే తనకి తెలియదని రాసిచ్చాడు. పిల్లలు దాటాలన్నది గుర్తులేదట. నామీద కేసు ఉంటుందని స్టేషన్‌లో చెప్పారు, పిలిచినప్పుడు రావాలట. నాన్న సస్పెన్షన్ ఇంకా ఎత్తలేదు. పాప చెయ్యెత్తిన మాట నిజమే అయినా డ్రైవరు ఆగగలిగేవాడా కాదా అన్నది తేలాలట.

టెస్టరక్క ఫోన్ చేసింది. "తీసేశానన్నావు కదరా," అంది. పెట్టేసింది.

నాన్న నాతో మాట్లాడటం లేదు. శుక్రవారం నుంచి.

ఏప్రిల్ 10, గురువారం

మధ్యాహ్నం నాన్న యూనిఫాం వేసుకోకుండా, మామూలు చొక్కాలో బయటికెళ్తుంటే అమ్మ కళ్ళతో సైగ చేసింది, వెంట వెళ్ళమని. పదడుగులు వెనకగా వెళ్ళాను.

ఏడో స్కూలు గేటు. పుస్తకాల షాపు. రోడ్డు మీద బ్రేకు చార ఇంకా ఉంది.

గంట కొట్టారు. పిల్లలు గేట్లోంచి బయటపడి, ఫుట్‌పాత్ చివరికొచ్చి, నాన్నని చూశారు. ఒక్క క్షణం నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. తర్వాత ఒకడు కేకేశాడు: "బస్సు తాత! నిజం బస్సు తాత!"

చేతులు లేచాయి. ఒకటి, నాలుగు, ఇరవై. నవ్వుతూ. రోడ్డు వైపు అడుగులు పడ్డాయి.

నాన్న పరిగెత్తాడు. ఆయన పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. పిల్లలకీ రోడ్డుకీ మధ్య అడ్డం నిలబడి, మొదటి బిడ్డ మణికట్టు పట్టుకుని మెల్లిగా కిందకి దించాడు.

"నేను ఆగను నాన్నా," అన్నాడు. "ఏ తాతా ఆగడు. బండి ఆగాకే నువ్వు నడవాలి."

"కానీ నువ్వు ఆగుతావు కదా తాతా?"

"ఆగను."

తర్వాతి చెయ్యి. తర్వాతిది. ఒక్కొక్కటీ పట్టుకుని దించుతున్నాడు, అదే మాట చెబుతున్నాడు. గొంతు బొంగురుపోయింది. నేను రెండోవైపు నిలబడ్డాను.

"ఆ ఎర్రసంచీ పిల్లాణ్ణి చూడు," అన్నాడు నాన్న, నావంక తిరక్కుండా.

ఆరు రోజుల తర్వాత మొదటి మాట. వెళ్ళి పట్టుకున్నాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

నిన్న నలభైమూడు చేతులు. ఇవాళ నలభైఒకటి.

ఇంకా పది స్కూళ్ళున్నాయి.